గొర్రె ఏమని ఒప్పుకుంది?

శనివారం మధ్యాహ్నం మా ఆయన తెల్లంగీ ఇస్త్రీ చేస్తూ నేను ఆదివారం ప్రసంగం తయారు చేస్తాను. ఆయన సోఫాలో కాళ్ళు చాపుకుని కళ్ళు మూసుకుంటారు. మా ఇంట్లో దాన్ని ధ్యానం అంటారు. "ఈ వారం ఏం చెబుదాం?" అని అడుగుతారు. కాలర్ మీద నీళ్ళు చల్లుతూ నేనేదో అంటాను. "ఊఁ, బాగుంది, రాసెయ్" అంటారు. సాయంత్రానికల్లా నాలుగు కాగితాలు రాసి బల్ల మీద పెడతాను. ఆయన వాటిని మొదటిసారి చదివేది ప్రసంగ వేదిక మీదే. పంతొమ్మిదేళ్ళుగా ఇదే పద్ధతి. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గరకొచ్చి, "అయ్యగారి నోట్లో దేవుడే కూర్చుంటాడమ్మా" అంటారు. అవునమ్మా అంటాను. దేవుడి చేతిరాత అచ్చం నా చేతిరాతలా ఉంటుందని ఎప్పుడూ చెప్పలేదు. పిల్లల ఆదివారం బడి నాది, పాటల సాధన నాది, జబ్బు మనుషుల పక్కన కూర్చోవడం నాది, పెద్దల మీటింగుకి టీ నాది. ఏడాదికొకసారి సంఘం పెద్దలు "అయ్యగారికి, వారి కుటుంబానికి" కృతజ్ఞతలు చెబుతారు. ఆ కుటుంబం అనే మనిషిని నేనే.

ఆ శనివారం ఆయన తనంతట తానే, "తప్పిపోయిన గొర్రె చెబుదాం, చాలా రోజులైంది" అన్నారు. సరే అనబోతుండగా కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న మా అత్తయ్య గొంతు సవరించుకుంది.

"చిన్ని కనబడిందట" అంది. "పెద్దాసుపత్రిలో. దుప్పట్లు ఉతికే చోట పని చేస్తోందట. మన చర్చికొచ్చే నర్సమ్మ చెప్పింది. బాగా చిక్కిపోయిందట."

ఇస్త్రీపెట్టె నా చేతిలో ఆగిపోయింది. చిన్ని మా ఆడపడుచు, ఆయన చెల్లెలు. ఆరేళ్ళుగా అత్తయ్య నోట ఆ పేరు వినలేదు. మా చర్చిలో కీబోర్డు వాయించే పాటల మాస్టారు ఉన్నాడు, పెళ్ళయినవాడు. అతనితో వెళ్ళిపోయింది చిన్ని. ఏడాది తిరక్కుండా అతను వెనక్కొచ్చేశాడు. ఆఫీసు గదిలో పెద్దలతో పదిహేను నిమిషాలు మాట్లాడాడు, ప్రార్థన చేశారు, టీ తాగారు. ఆ టీ పెట్టింది నేనే, చక్కెర సరిపోయిందా అని కూడా అడిగాను. మరుసటి ఆదివారం అతను కీబోర్డు ముందు కూర్చున్నాడు. చిన్నికి మాత్రం కబురు పంపారు: ముందు నిలబడాలని.

ముందు నిలబడడమంటే మా సంఘంలో అందరికీ తెలుసు. తప్పు చేసినవాళ్ళు వేదిక కింద, అందరికీ ఎదురుగా నిలబడి, చేసిన తప్పు తమ నోటితో చెప్పాలి. తర్వాత మూడు నెలలు చివరి బల్ల మీద కూర్చోవాలి. రూలు అందరికీ ఒకటే అంటారు మా ఆయన. నేనొచ్చిన పంతొమ్మిదేళ్ళలో అక్కడ నిలబడినవాళ్ళు నలుగురు. నలుగురూ ఆడవాళ్ళే. మగవాళ్ళు తప్పులు చెయ్యలేదని కాదు, వాళ్ళవి ఆఫీసు గదిలో చల్లారిపోయాయి. ఈ సంగతి నాకు ఆ మధ్యాహ్నం దాకా తట్టలేదంటే నమ్ముతారా? అన్నిసార్లూ టీ కప్పులు కడిగిన మనిషిని, నాకే తట్టలేదు.

"రావాలనుకుంటే దారి తెలుసు కదమ్మా" అన్నారు మా ఆయన కళ్ళు తెరవకుండానే. "తలుపు తీసే ఉంది."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని అత్తయ్య పాత సామెత. ఆరేళ్ళూ ఆ సామెతనే నమ్ముకుని కూర్చుంది. నాకు మాత్రం ముఖం వేడెక్కింది, ఇస్త్రీపెట్టె ఆవిరి వల్ల కాదు. తలుపు తీసి లేదని నాకు తెలుసు. రెండేళ్ళ క్రితం చిన్ని వచ్చింది. ముందు గుమ్మంలోకి రాలేక పెరటి వైపు వచ్చింది, వంటింటి కిటికీ ముందు నిలబడి, "వదినా, ఒక్కసారి అమ్మని చూసి పోతాను" అంది. లోపల ఆయన పెద్దలతో ఉన్నారు. నేను భయపడ్డాను. కిటికీ చువ్వల్లోంచే, "ఇప్పుడు కాదు చిన్నీ, ఆదివారం రా, ముందు నిలబడు, తర్వాత అన్నీ సర్దుకుంటాయి" అన్నాను. అది వెళ్ళిపోయింది. నేను లోపలికెళ్ళి అందరికీ టీ ఇచ్చాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, దేవుడికి కూడా. దేవుడికి ఎలాగూ తెలుసు కదా అని సరిపెట్టుకున్నాను.

"ఏమండీ" అన్నాను, "గొర్రె ఏమని ఒప్పుకుంది?"

ఆయన ఒక కన్ను తెరిచారు. "ఏంటి?"

"తొంభై తొమ్మిదింటినీ వదిలేసి కాపరి వెళ్ళాడు, వెతికాడు, దొరికింది. భుజాన వేసుకునే ముందు ఏమైనా ఒప్పించాడా? మూడు నెలలు మంద వెనకాల నడవమన్నాడా?"

"గొర్రెకి నోరుండదు."

"అందుకే భుజానికి ఎక్కించుకున్నాడు కాబోలు."

"నీకీమధ్య నోరెక్కువైంది. అంగీ చూడు, మాడుతుంది" అని కన్ను మూసుకున్నారు.

ఏసయ్య ఆ గొర్రె కథ పక్కనే ఇంకో కథ చెప్పాడు, నాణెం పోగొట్టుకున్న ఆవిడ కథ. మా ఆయన దాన్ని ఎప్పుడూ ఎత్తుకోరు. "చిన్నది, అందులో చెప్పడానికేముంది" అంటారు. చెప్పడానికి ఏమీ లేకపోవడమేంటి? పాపిని వెతికే దేవుడు ఎలా ఉంటాడని అడిగితే, చీపురు పట్టిన ఆడమనిషిలా ఉంటాడన్నాడు ఏసయ్య. దీపం పెట్టుకుని, మంచాల కింద, పెట్టెల వెనక, వంగి ఊడుస్తూ వెతికే మనిషి. రోజూ ఇల్లూడ్చేవాళ్ళకి తెలుస్తుంది, అలా వంగితే నడుం ఎలా పట్టేస్తుందో. నాణెం ఏ అడవికీ పారిపోలేదు, ఇంట్లోనే పోయింది. నాణెం తనకి దారి తెలుసని లేచి రాదు. వెతికేవాళ్ళు వెతకాలి, అంతే. పంతొమ్మిదేళ్ళు ప్రసంగాలు రాశాను కానీ నాకు నేను ఒక్కటీ చెప్పుకోలేదని ఆ నిమిషంలో అర్థమై సిగ్గేసింది. వెంటనే సంతోషం కూడా వేసింది. ఎందుకో తెలీదు. అంగీకి ఒక చెయ్యి ఇస్త్రీ అయింది, రెండోది కాలేదు. స్విచ్చి కట్టేశాను.

"ఎక్కడికి?" అన్నారు ఆయన.

"ప్రసంగం రాయడానికి" అని చెప్పులేసుకున్నాను. అత్తయ్య నన్ను తలుపు దాకా కళ్ళతోనే సాగనంపింది.

రెండు బస్సులు మారితే పెద్దాసుపత్రి. దుప్పట్లు ఉతికే గది భవనం వెనకాల, నాలుగు మెట్లు దిగితే ఉంది. లోపల గుండ్రటి పెద్ద మిషన్లు తిరుగుతున్నాయి, ఆవిరికి ఎదురుగా ఉన్న మనిషి కూడా సరిగా కనబడడం లేదు. చిన్ని ఒక పొడవాటి బల్ల దగ్గర దుప్పటి రెండు కొసలు పట్టుకుని నిలబడి ఉంది. రెండో మనిషి ఎక్కడికో వెళ్ళినట్టుంది. నన్ను చూసింది. ముఖంలో ఏమీ కదల్లేదు. నేను వెళ్ళి దుప్పటి రెండో వైపు కొసలు పట్టుకున్నాను. నా పెళ్ళయిన కొత్తలో పెరట్లో మేమిద్దరం అలాగే మడతపెట్టేవాళ్ళం, అప్పుడు దానికి పద్నాలుగేళ్ళు. కొసలు కలిపి ఇద్దరం దగ్గరకు నడిచాం.

"నన్ను ముందు నిలబెట్టడానికొచ్చావా వదినా?" అంది.

"కాదు. నీ ముందు నిలబడడానికొచ్చాను."

వెనక్కి నడిచింది, దుప్పటి బిగించి లాగింది. మళ్ళీ దగ్గరకొచ్చాం.

"ఆ రోజు కిటికీలోంచి నిన్ను పంపించేశాను చిన్నీ. తప్పు నాది. నన్ను క్షమించు."

రెండు దుప్పట్లు అయ్యాయి. మూడోది అందుకుంటూ అంది, "మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారు చూడు. అన్నయ్య రూలన్నా, పెద్దలు కబురు పంపినా నాకేమీ అనిపించలేదు. నువ్వు కూడా అదే మాటన్నావని ఏడ్చాను. బస్టాపులో ముక్కు చీదుతుంటే పక్కనావిడ జలుబుకి మందు చెప్పింది." అలా అని తనే నవ్వింది, నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

"నేను తప్పు చెయ్యలేదని అనను వదినా" అంది తర్వాత. "చేశాను. ఒకావిడ సంసారం నా వల్ల కూలింది. మాస్టారి భార్యకి ఉత్తరం రాశాను, క్షమించమని. జవాబు రాలేదు, రావాలని కూడా లేదు. దేవుడికి ఈ గదిలోనే చెప్పుకున్నాను. ఇక్కడ ఏడిస్తే చెమట అనుకుంటారు, సుఖం."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు. ముందే వచ్చి కూర్చున్నాడు, నేనే ఆలస్యంగా చూశాను" అంది, కూరలో ఉప్పు సరిపోయిందన్నట్టు మామూలుగా. "ఆయన రోజూ వస్తున్నాడు వదినా. మీరే రాలేదు."

నేను దేవుడి కబురు మోసుకొచ్చాననుకుని మెట్లు దిగాను. ఆయన ఇన్నాళ్ళ నుంచీ ఇక్కడే ఉన్నాడు, ఈ ఆవిరిలో, ఈ దుప్పట్ల మధ్య, మేం చిన్ని పేరెత్తకుండా ఒంటిపూట ఉపవాసాలు చేస్తున్నప్పుడల్లా. నాకు గుండె నిండిపోయింది. రేపు రమ్మన్నాను, అమ్మ నీ పేరెత్తిందని చెప్పాను. ఆ మాటకి దాని చేతుల్లో దుప్పటి జారింది.

"వస్తాను" అంది. "దేవుడి ముందు రోజూ నిలబడతాను, అది నాకు బరువు కాదు. కానీ మాస్టారు అక్కడ కూర్చుని కీబోర్డు వాయిస్తుంటే, ఆయన ముందు నిలబడి నా ఒక్కదాని తప్పు చెప్పను. నిలబెట్టరని మాటివ్వగలవా?"

"ఇచ్చాను" అన్నాను. ఎలా నిలబెట్టుకుంటానో నాకే తెలీదు.

ఇంటికొచ్చి మా ఆయనకి అన్నీ చెప్పాను, కిటికీ సంగతితో సహా. ఆయన చెడ్డ మనిషి కాదు. చెల్లెలి చిన్నప్పటి ఫొటో ఇప్పటికీ ఆయన బైబిల్లో ఉంటుంది. అయినా, "నా చెల్లెలని రూలు మారిస్తే నలుగురూ ఏమంటారు?" అన్నారు. ఆ నలుగురు ఎవరో పంతొమ్మిదేళ్ళలో ఎప్పుడూ మా ఇంటికి రాలేదు కానీ, మా ఇంట్లో అన్నీ వాళ్ళే తేలుస్తారు. ఆ రాత్రే కూర్చుని ఎప్పటిలా నాలుగు కాగితాలూ రాసి బల్ల మీద పెట్టాను.

ఆదివారం చిన్ని వచ్చింది. ఉతికిన నీలం చీర, తడి జుట్టు. నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మొదటి బల్ల మీద అత్తయ్య పక్కన కూర్చోబెట్టాను. అత్తయ్య దాని వైపు చూడలేదు, కానీ జరిగి చోటిచ్చింది. వెనక గుసగుసలు మొదలయ్యాయి. కీబోర్డు రెండు స్వరాలు తప్పింది. పెద్దల్లో ఒకాయన లేచి వెళ్ళి మా ఆయన చెవిలో ఏదో చెప్పాడు. మా ఆయన నా కాగితాలు విప్పి, మళ్ళీ మూసి, మైకు దగ్గరకొచ్చారు.

"ప్రసంగానికి ముందు ఒక క్రమం ఉంది" అన్నారు. "మా ఇంటి బిడ్డ అని నేను తేడా చూపించలేను. చెల్లీ, ముందుకు రామ్మా."

చిన్ని నా వైపు చూసింది. మాటిచ్చావు కదా అని కూడా అనలేదు. బల్ల అంచు పట్టుకుని లేవబోయింది. అప్పుడు దాని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి నేను లేచాను. వేదిక కింది ఆ రెండడుగుల చోటుకి నడిచి వెళ్ళి సంఘం వైపు తిరిగాను. అన్నేళ్ళు వాళ్ళకి వెనక నుంచి మాటలు అందించాను, ముందు నుంచి ఇదే మొదలు.

"క్రమం ప్రకారం నా నోటితో చెబుతున్నాను" అన్నాను. "దేవుడు వెతుకుతున్న మనిషి మా పెరట్లోకి వస్తే నేను కిటికీలోంచి వెళ్ళగొట్టాను. రెండేళ్ళు దాచాను. ఆఫీసు గదిలో ఎవరి తప్పులు టీతో కడిగేశారో తెలిసి కూడా, ఆ టీ పెట్టి ఇచ్చాను. నా మూడు నెలలు ఇవాళ్టి నుంచి లెక్కవేసుకోండి. నాతో పాటు చెప్పుకోవాల్సినవాళ్ళు ఇంకా ఉంటే రండి, చోటుంది."

ఎవరూ కదల్లేదు. నా వల్ల అంతా పాడైపోయింది అనుకున్నాను. అప్పుడు అత్తయ్య కర్ర వెతుక్కుంది.

"అమ్మాయ్, ఈ చెయ్యి పట్టుకో, మోకాళ్ళు లేవనివ్వవు" అంది చిన్నితో. లేచి వచ్చి నా పక్కన నిలబడింది. "కన్నబిడ్డ పేరు ఆరేళ్ళు ఎత్తలేదు నేను. అది పాపం కాదా? నాకెవరూ కబురు పంపలేదే మరి."

మూడో బల్లలోంచి ఒకావిడ లేచింది. మాస్టారి భార్య. ఆవిడ చిన్ని వైపు తిరిగి, "నీ ఉత్తరం అందింది" అంది. "జవాబు రాయడానికి నాకింకా టైము పడుతుంది. కానీ చదివాను." తర్వాత కీబోర్డు వైపు చూసింది. "ఆమె నాలుగు పేజీలు రాసింది. మీరు ఈ రోజు వరకూ నాతో ఒక్క మాట అనలేదు. వెళ్ళండి."

అతను లేచాడు. తల వంచుకుని వచ్చి చివర నిలబడి, వినబడీ వినబడనట్టు ఏదో గొణిగాడు. "గట్టిగా" అంది అత్తయ్య. గట్టిగా చెప్పాడు. పెద్దల్లో ఒకాయన విసురుగా బయటికి వెళ్ళిపోయాడు. ఇంకొకాయన లేచాడు, ఆయనా బయటికే అనుకున్నాం, ముందుకొచ్చాడు. నర్సమ్మ వచ్చింది. ఎప్పుడో ఇక్కడ ఒంటరిగా నిలబడిన నలుగురిలో ఒకామె, ఇప్పుడు ముసలిదైంది, ఈసారి నవ్వుతూ వచ్చి నా భుజానికి ఆనుకుంది. నడవాలో జనం ఒకరినొకరు తోసుకోకుండా నెమ్మదిగా వస్తున్నారు, ఎవరో వెనకాల పాట అందుకున్నారు, వాయిద్యం లేకుండానే అది కప్పుకి తగిలేంతగా లేచింది. నేను పాడలేకపోయాను, కానీ నా జన్మలో అంత ఎత్తున నిలబడలేదు.

చివరికి మా ఆయన వేదిక దిగారు. నా కాగితాలు పైనే వదిలేశారు. "నేను తలుపు తీసి కూర్చున్నాను" అన్నారు మైకు లేకుండా, ఆయన సొంత గొంతుతో. "వెతకడానికి వెళ్ళలేదు." అని నా వెనక, వరసలో నిలబడ్డారు.

మొదటి బల్ల మీద చిన్ని ఒక్కతే మిగిలింది, ముఖమంతా తడిసిపోయి. ఇక్కడ ఆవిరి లేదు కాబట్టి అది కన్నీళ్ళేనని అందరికీ తెలుస్తోంది. కొంగుతో తుడుచుకుని తనూ లేచి రాబోయింది.

"కూర్చోవే" అన్నాను. "ఇక్కడ ఇంక చోటు లేదు."