సమీకరణంలో లేని వన్స్‌మోర్

బాలశౌరి బ్యాటరీల మీద థీసిస్ రాస్తున్నాడన్న మాటే గానీ, ఇన్నేళ్లలో ఒక్క బ్యాటరీని ముట్టుకున్న పాపాన పోలేదు. ముట్టుకోవద్దని గురువుగారి ఆజ్ఞ. కారు బ్యాటరీ ఎంత వాడితే ఎప్పటికి నీరసిస్తుందో, చార్జింగు పెడితే ఎలా తేరుకుంటుందో సమీకరణాల్లో బిగించి, కార్డులకు బెజ్జాలు కొట్టించి, మద్రాసు వెళ్లి కంప్యూటరుకి మేపి రావడమే అతని పని. ఆ కాగితాల మీద బ్యాటరీలు వందలసార్లు చచ్చి బతికాయి. బ్యాటరీ సంగతి బ్యాటరీకేం తెలుసు, సమీకరణానికి తెలుస్తుంది గానీ, అనేది ఆ గురువుగారు, ప్రొఫెసర్ వెంకటకృష్ణారావుగారి సిద్ధాంతం. ప్రయోగాలు చేస్తే చొక్కాకి యాసిడ్ చిల్లులు పడటం తప్ప ఒరిగేదేమీ లేదనేవారు.

అయితే ఒక్కసారైనా నిజం బ్యాటరీతో సరిచూడమని యూనివర్సిటీ వాళ్లు మెలిక పెట్టారు. ఆ పరీక్ష గట్టెక్కితే గురువుగారు సంతకం పెడతారు, బాలశౌరి లెక్చరరవుతాడు. లేదంటే ఇప్పుడు పనిచేస్తున్న కాలేజీలో ట్యూటరుగానే జుట్టు నెరుస్తుంది.

ఇంతలో కాలేజీ వార్షికోత్సవం వచ్చింది. కరెంటు కోతల కాలం గనక పద్యనాటకానికి మైకు బ్యాటరీ మీదే నడవాలి. పరీక్షకి ఇంతకంటే మంచి ముహూర్తమేముంది? గవర్నర్‌పేటలో మైకుసెట్లు అద్దెకిచ్చే జాన్‌బాబు బ్యాటరీ నాటకమంతా లాగి, ఆపైన అధ్యక్షులవారి గంట ఉపన్యాసం కూడా పూర్తిచేశాకే పడుకుంటుందని కంప్యూటరు తేల్చింది. అధ్యక్షులు గురువుగారే. జాన్‌బాబు అలవాటుకొద్దీ రెండో బ్యాటరీ తెస్తానంటే, లెక్కని అవమానించొద్దని ఆయన కసిరారు. కంప్యూటరు మాటంటే జాన్‌బాబుకీ బైబిలు వాక్యమంత గురి కుదిరి, రెండోదాన్ని కూచిపూడిలో పెళ్లికి పంపేశాడు.

సాయంత్రం తెర లేచింది. రాజు వేషం కట్టిన కోటిలింగం మొదటి పద్యం ఎత్తుకుని, చివర రాగాన్ని బకింగ్‌హాం కాలవంత పొడుగు సాగదీశాడు. మొదటి వరుసలో గురువుగారు కళ్లు మూసుకుని పరవశించిపోయి, చెయ్యెత్తి “వన్స్‌మోర్” అన్నారు.

బాలశౌరి చప్పున బ్యాటరీకి తగిలించిన మీటరు వంక చూశాడు. పద్యం నచ్చితే వన్స్‌మోర్ కొట్టడం, కొట్టాక మళ్లీ పాడకపోతే గోల చెయ్యడం బెజవాడ ఆచారం. ఆ సంగతి ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు, సమీకరణానికే తెలియదు. రెండో పద్యానికీ గురువుగారు చెయ్యెత్తారు. మూడోదానికైతే రెండుసార్లు ఎత్తారు. రాగం సాగినకొద్దీ మీటరు ముల్లు కిందికి జారుతోంది. బాలశౌరి వంగి వంగి వెళ్లి ఆయన చెవిలో అన్నాడు.

“సార్, లెక్కలో ఒక్కో పద్యం ఒక్కసారేనండీ.”

“రాగం దగ్గర లెక్కలేంటయ్యా? తప్పుకో, కనపడట్లేదు.”

కంచే చేను మేస్తుంటే ఇంక కాపలా ఎవరికోసం? బాలశౌరి వెళ్లి మీటరు పక్కన కూలబడ్డాడు.

నాటకం ఎలాగో గట్టెక్కింది. గురువుగారు దండ వేయించుకుని మైకు ముందు నిలబడ్డారు. ఈనాడు గణితం బ్యాటరీ ప్రాణాన్ని గుప్పిట్లో పెట్టుకుందని, దానికి ఈ సభే సాక్ష్యమని అంటుండగానే మైకు గుర్రుమని ఆగిపోయింది. ఆయన పెదాలు మాత్రం ఆడుతున్నాయి. వెనక బెంచీలవాళ్లు ఏకకంఠంతో “వన్స్‌మోర్” అన్నారు.

తెర వెనక గురువుగారి మొహం కందగడ్డయింది. ఏం జరిగిందో చెప్పమన్నారు. నిజం బాలశౌరి నాలిక చివరిదాకా వచ్చింది. కానీ సంతకం పెట్టాల్సిన చెయ్యీ, సాయంత్రమంతా పైకి లేచిన చెయ్యీ ఒకటేనాయె.

“బ్యాటరీదే తప్పండీ” అన్నాడు.

“నేనెప్పుడో చెప్పాను, బ్యాటరీల్ని నమ్మకూడదని. ఆ తప్పుకి సరిపడా సమీకరణంలో ఒక గుణకం చేర్చు. సంతకం పెడతాను.”

జాన్‌బాబు తన బ్యాటరీని, పరీక్ష తప్పిన కొడుకుని చూసినట్టు చూసి, భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. అది నిక్షేపంలాంటి బ్యాటరీ. బాలశౌరి సిగ్గుతో తలెత్తలేకపోయాడు. అయినా ఆ వారమే గుణకం చేర్చి, దానికి గామా అని పేరు పెట్టాడు. లెక్క అచ్చంగా సరిపోయింది.

థీసిస్ మొత్తంలో పరీక్షకులకు బాగా నచ్చింది ఆ గామానే. ఇంతకీ అదేమిటని వాళ్లడిగితే, బ్యాటరీ లోపల జరిగే, సైన్సుకింకా అంతుపట్టని ప్రక్రియ అని గురువుగారే అందుకుని చెప్పారు. బాలశౌరి వినయంగా తలూపాడు. గామా మొదటి వరుసలో కూర్చుంటుందని అతనికొక్కడికే తెలుసు.