వర్నో గెలిచాడా?

1991 నవంబరు పదిహేను, శుక్రవారం. బగారా అన్నం, దాల్చా, వంకాయ కూర. ఇరవై మందికి పొద్దున్నుంచి వండింది ఖతీజా ఒక్కతే. అరబ్బు దేశంలో, బహ్లా ఊళ్లో కొలువులకొచ్చిన కడప వాళ్లు నెలకోసారి కలుస్తారు, ఈసారి ఖతీజా వాళ్లింట్లో. భోజనాలయ్యాక మగవాళ్లలో ఒకరు లేచి ఒక గొప్పవాడి గురించి మాట్లాడటం ఆనవాయితీ. ఆడవాళ్లు పరదాకు ఇవతల, ఎంగిలి గిన్నెల మధ్య కూర్చుని వినాలి.

ఆ రోజు వంతు ఆమె భర్త ఎహసాన్‌ది. ఆయన పనిచేసే కంపెనీ వదిలి వెళ్తూ ఒక ఇంజనీరు ఇచ్చిపోయిన ఇంగ్లీషు పుస్తకంలోంచి, వర్నో అనే నూరేళ్లనాటి ఫ్రెంచి రాయబారి జీవితం. "బీఏ హిస్టరీ చదివినావు, ఇంట్లో ఖాళీగానే ఉంటావు గదా, రాసియ్యి" అన్నాడు. పప్పు ఉడికే సందుల్లో చదివి, పన్నెండు కాగితాలు రాసింది ఖతీజా. రాసేకొద్దీ ఆ చచ్చిపోయిన మనిషి మీద కడుపుమంట పెరిగింది. నలభై ఐదేళ్లకు కొలువు విసుగొచ్చి, రాజీనామా పారేసి, ఎన్నికల్లో నిలబడ్డాడట. "మరి అన్నం ఎవరు వండుతారు?" అని అతన్ని అడిగినవాళ్లు లేరు. ఇరవై ఏళ్లు అతని ఉత్తరాలకు సాపు ప్రతులు రాసిన భార్యకు ఆ పుస్తకంలో దక్కింది ఒక్క వాక్యం: ఆమె ఆరోగ్యం మంచిది.

ఎన్నికల ఫలితం దగ్గరికి వచ్చేసరికి వంకాయలు కోసే వేళయి కలం పక్కన పెట్టేసింది. ముందే చదివి చూసుకునే అలవాటు ఎహసాన్‌కు లేదు.

పరదా అవతల చప్పట్లు. "మాషాల్లా, ఎంత చదివినావు భాయ్!" తను వెతికి వెతికి పెట్టిన మాటలు ఆయన నోట్లో ఎంత హాయిగా ఉన్నాయి!

అప్పుడు పెద్దాయన ఇస్రార్ అడిగాడు: "ఇంతకూ గెలిచినాడా, ఓడినాడా?"

కాగితాల గలగల. దగ్గు. ఆ తర్వాత, ఉప్పు డబ్బా ఎక్కడుందని రోజూ అరిచే గొంతుతోనే ఎహసాన్ పరదా వైపు తిరిగి కేకేశాడు: "ఖతీజా, గెలిచినాడా?"

పక్కనున్న షైస్తా ఆమె మోచెయ్యి గిల్లి, "చెప్పు ఆపా" అంది.

"మొదటిసారి ఓడినాడు. రెండోసారి గెలిచినాడు" అంది ఖతీజా అందరికీ వినబడేలా. "అది నేనింకా రాయలేదు."

అందరూ వెళ్లాక ఎహసాన్ ఆ పన్నెండు కాగితాలూ తెచ్చి ఆమె చేతికిచ్చాడు. "వచ్చే నెల మిగతాది వినాలంట. రాసిపెట్టు" అన్నాడు.

"రాస్తా. చదివేది నేను."

"ఆడోళ్లు ఎప్పుడన్నా చదివినారా? మరి వంట?"

ఆమె పుస్తకం తీసుకుని లోపలి గదికి వెళ్లింది. కాసేపటికి వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడు, గిన్నె జారిన చప్పుడు. ఎలా తోముతున్నాడో చూడాలనిపించింది. చూడలేదు. లేచి తలుపు మెల్లగా వేసుకుంది.