బల్లపరుపు గీత

ఇరవై రెండేళ్లుగా భుజం మీద నిచ్చెన దించకుండా తిరుగుతున్నాడు కాబట్టి అందరూ అతన్ని నిచ్చెన అనే పిలుస్తారు. ఇంటర్నెట్ కంపెనీ బావది. గోడలకు కన్నాలు వేసి ఇళ్లలోకి తీగ లాగే పని అతనిది. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారు "నీకు అంకెలు అచ్చిరావురా" అని తేల్చేశాక అతను మళ్లీ బడి గడప తొక్కలేదు. ఆ మాస్టారింటికి కనెక్షన్ ఇచ్చిందీ తనే. పాస్‌వర్డ్ రాసిచ్చిన కాగితం పోగొట్టుకుని ఆయన నెలకోసారి ఫోన్ చేస్తుంటాడు. నిచ్చెనకు అదొక తృప్తి.

ఆ ఆదివారం సాయంత్రం ఐదున్నరకు అతను యంత్రాల గదిలోకి వచ్చేసరికి బావా, మేనకోడలూ తెర ముందు కూర్చుని ఉన్నారు. అవతల కౌంటర్లో ఫిర్యాదుల ఫోన్ మోగి మోగి ఆగుతోంది, మళ్లీ మోగుతోంది. వచ్చే ఏడాదికి ఎంత లైను కావాలో తమకు ఇంటర్నెట్ అమ్మే పై సంస్థకు ఏడున్నరలోపు చెప్పేయాలి. ఒకసారి చెప్పాక ఏడాదిదాకా మార్చడానికి లేదు.

మేనకోడలు పెద్ద చదువు చదివి వచ్చి మూడు నెలలైంది. అంచనా వేసే బాధ్యత ఆ పిల్లదే.

"పన్నెండు చాలు నాన్నా. ఇప్పుడున్నది పది గిగాలు. మూడేళ్లు గీత నిటారుగా లేచింది. ఈ ఐదు నెలలూ చూడు, బల్లపరుపు. వాడేవాళ్లంతా వాడేస్తున్నారు. ఇక పెరిగినా నత్తనడకే."

నిచ్చెన తెర మీదకు వంగి చూశాడు. ప్రతి సాయంత్రం గీత కొండెక్కినట్టు ఎక్కి, పైన ఎవరో రంపంతో కోసినట్టు చదునుగా ఆగిపోతోంది. అతనికి నవ్వొచ్చింది.

"ఎందుకు మావయ్యా ఆ నవ్వు?"

"ఆ గీత ఎంత దగ్గర ఆగిందే?"

"తొమ్మిది పాయింట్ తొమ్మిది."

"మన గొట్టం ఎంత?"

"పది."

"మరి ఆగక ఎక్కడికి పోతుంది? సినిమా హాలు నిండాక తలుపులేసేస్తే లోపల జనం పెరగరు. అంతమాత్రాన ఆ సినిమా ఎవరికీ అక్కర్లేదని రాసుకుంటామా?"

ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. అయినా తగ్గలేదు. "లోపలున్నవాళ్లని లెక్కపెట్టగలను. బయటున్నవాళ్లని నువ్వెలా లెక్కపెట్టావో చెప్పు. గాల్లో చెబితే అంచనా అవదు."

నిచ్చెన ఆ పిల్లను యంత్రాల బీరువా పక్కకు తీసుకెళ్లి గోడ చూపించాడు. గోడ నిండా పెన్సిల్ గీతలు. ఇల్లెక్కి దిగినప్పుడల్లా సాయంత్రంపూట నెట్ ఎలా వస్తోందని అడగడం, ఇక్కడికొచ్చి గీత గీయడం అతని అలవాటు. గోడ పాడుచేస్తున్నావని బావ ఏళ్ల తరబడి తిడుతూనే ఉన్నాడు.

"ఈ ఐదు నెలల్లో నూట నలభై ఇళ్లు. అందులో ఎనభై ఏడిళ్లలో ఒకటే మాట. సాయంత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది, విసుగొచ్చి మానేశాం, పొద్దున్నే లేచి చూసుకుంటున్నాం అని. ఓ బామ్మగారైతే సీరియల్ కోసం ఐదింటికి అలారం పెట్టుకుంటోంది."

మేనకోడలు గబగబా తెర దగ్గరికి వెళ్లింది. తెల్లవారుజాము ఐదు నుంచి ఏడు గంటలదాకా ఉన్న గీతను పెద్దది చేసింది. ఐదు నెలల్లో అది రెండింతలైంది.

"ఇది నేను చూశాను మావయ్యా," అంది నెమ్మదిగా. "ఎందుకో అర్థం కాక పక్కన పెట్టేశాను."

"అది పక్కన పెట్టే గీత కాదమ్మా. తలుపు బయట నిలబడ్డవాళ్లు వీళ్లే."

బావ తల పట్టుకున్నాడు. "కథలు బాగానే ఉన్నాయి. పన్నెండు చెప్పి నువ్వన్నదే నిజమైతే ఎవరో పెద్ద కంపెనీవాళ్లొచ్చి మన ఇళ్లన్నీ ఊడ్చుకుపోతారు. ఇరవై చెప్పి నీ మాట తప్పైతే ఏడాదంతా ఖాళీ గొట్టం మోసుకుంటూ నేనే మునుగుతాను. ఎవరిని నమ్మమంటారు?"

"నమ్మొద్దు నాన్నా, చూద్దాం. పరీక్షకని రెండో లైను గంటసేపు తెరవమని పై సంస్థనే అడుగు. ఇంకో పది గిగాలు వస్తాయి. బయటెవరైనా ఉంటే లోపలికొస్తారు."

బావ ఫోన్ చేసి బతిమాలాడు. ఆరు నుంచి ఏడుదాకా ఇస్తామన్నారు.

మేనకోడలు గోడ మీద పన్నెండు అని రాసింది. నిచ్చెన దాని కింద పద్దెనిమిది అని రాశాడు.

"బావమరిదీ," అన్నాడు బావ, "పద్దెనిమిది రాకపోతే ఈ గది తాళంచెవులు నా చేతిలో పెట్టి ఆ ఫిర్యాదుల ఫోన్ దగ్గర కూర్చోవాలి. నిచ్చెన ఇంకొకడు మోస్తాడు. సరేనా?"

నిచ్చెన ఒకసారి కౌంటర్ వైపు చూశాడు. బతికినన్నాళ్లూ స్టూలు మీద కూర్చుని తిట్లు తినడం!

"సరే."

ఆరు కొట్టింది. మేనకోడలు మీట నొక్కింది. తొమ్మిది పాయింట్ తొమ్మిది. ఒక నిమిషం. తొమ్మిది పాయింట్ తొమ్మిదే. ఐదు నిమిషాలు. బావ దగ్గాడు. "పప్పులో కాలేశావురా."

నిచ్చెన తెర వైపు చూడలేదు. అతను తీగల మనిషి, తీగల వైపే చూశాడు. రెండో లైను దీపం వెలగడం లేదు. తీగ చివర సగమే దూరి ఉంది. బొటనవేలితో టక్కున నొక్కాడు. పచ్చ దీపం మిణుకుమంది.

"పదకొండు!" అని అరిచింది మేనకోడలు. "పన్నెండు! నా లెక్క పోయింది మావయ్యా!" పోయిందని చెబుతూనే కుర్చీలోంచి ఎగిరి లేచింది. "పద్నాలుగు! ఇళ్లల్లో మసకగా ఉన్న బొమ్మలన్నీ తేటపడుతున్నాయి నాన్నా, అందుకే ఇంత లాగుతోంది!"

పదహారు దగ్గర అంకె ఊగిసలాడింది. పదహారు పాయింట్ రెండు. పదిహేను పాయింట్ తొమ్మిది. నిచ్చెన జేబులో తాళంచెవులు చెమటకు తడిశాయి.

"ఆగండాగండి," అన్నాడు బావ చెవి రిక్కించి. "ఫోన్ మోగడం లేదు."

నిజమే. కౌంటర్ మూగబోయింది. బావ అలా అంటుండగానే పదిహేడు దాటింది. ఆరూ నలభైకి పద్దెనిమిది. నిచ్చెన కేక పెట్టి మేనకోడలి వీపు మీద ఒక్కటి చరిచాడు. బావ నోరు వెళ్లబెట్టాడు. అంకె ఆగలేదు. పంతొమ్మిది. పంతొమ్మిదిన్నర. పంతొమ్మిది పాయింట్ తొమ్మిది.

అక్కడే నిలబడిపోయింది.

మేనకోడలు మెల్లగా వెనక్కి తిరిగింది. "మావయ్యా... బల్లపరుపు."

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ముందు నవ్వింది నిచ్చెనే.

"నీ లెక్కా తప్పే!" అంది మేనకోడలు.

"తప్పే! పచ్చి తప్పు!" లెక్క తప్పినందుకు జన్మలో అతనింత సంతోషించలేదు. "ఇంకా ఎంతమంది ఉన్నారే బయట?"

"తెలీదు. రేపట్నుంచి నీతో వస్తాను. నేనూ అడుగుతాను."

ఏడు కొట్టింది. రెండో లైను మూసుకుంది. గీత దబ్బున పదికి పడింది. ఆ వెంటనే కౌంటర్లో ఫోన్ మోగింది. బల్ల మీదున్న బావ సెల్లు మోగింది. నిచ్చెన జేబులోదీ మోగింది. బావ తన సెల్లు కట్ చేసి పై సంస్థ నంబరు నొక్కాడు.

"నలభై రాసుకోండి సార్. అవును, నాలుగు పక్కన సున్నా."

నిచ్చెన ఎవరూ చెప్పకుండానే వెళ్లి స్టూలు మీద కూర్చుని ఫిర్యాదుల ఫోన్ ఎత్తాడు. అటు వైపు లెక్కల మాస్టారు.

"ఏమిటోయ్, ఇప్పటిదాకా అద్దంలా వచ్చింది, ఏమైంది?"

"అంకెలు సరిచూస్తున్నాం మాస్టారూ," అన్నాడు నిచ్చెన, కాలు మీద కాలేసుకుని. "కాస్త ఓపిక పట్టండి."