మూడో పేరు, నాలుగో పేరు

ఆ ఏడాది ప్రపంచమంతా కూడబలుక్కుని ఓటు వేస్తున్నట్టుంది. పెద్ద దేశాలు, చిన్న దేశాలు, పటం మీద ఈగ వాలితే కనబడకుండా పోయే దేశాలు, అన్నిటికీ ఒకేసారి ఎన్నికలు వచ్చిపడ్డాయి. వాటిలో తొమ్మిది దేశాలు ఓటుపత్రాల అచ్చుపని ఒక్క ప్రెస్సుకే అప్పగించాయి. ఆ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి మాత్రం ఒక్కర్తే. ఆవిణ్ణి అందరూ భూతద్దం అక్కయ్య అనేవారు. మెడలో తాడుకి భూతద్దం వేలాడుతూ ఉండటం ఒక కారణమైతే, ఎవరి తప్పునీ చూసీ చూడనట్టు వదలకపోవడం రెండోది.

ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఆమెకి ఇంత విసుగు పుట్టించిన ఏడు మరొకటి లేదు. ఒక దేశం ఎన్నికల తేదీని మూడుసార్లు మార్చింది. ఇంకో దేశం, పత్రాలు కట్టలు కట్టి పెట్టెల్లో సర్దాక, ఒక అభ్యర్థి తప్పుకున్నాడని తాపీగా కబురంపింది. ఆ లక్షల పత్రాల్నీ ముక్కలు చేసే యంత్రానికి మేపి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. దిద్దిందే దిద్దీ దిద్దీ ఆమె కళ్లు మిరపకాయల్లా మండేవి. సహాయానికి ఇంకొక మనిషిని వెయ్యమని మూడుసార్లు రాసిచ్చింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఆ దేశాల భాషల్లో ఒక్కటీ ఆమెకి రాదు. రాకపోవడమే మేలనేది. భాష తెలిస్తే కన్ను అర్థం వెంట పరుగెడుతుందట, అక్షరం మీద నిలవదట. ఆమె చూసేది ఆకారాలు. ఇక్కడొక కొక్కెం, అక్కడొక చుక్క, కిందొక తోక. అసలు జాబితాలో ఉన్న తోక ప్రూఫులో ఉందా లేదా, అంతే.

ఒక సోమవారం పొద్దున, అప్పటికే మిషనెక్కిన ఒక చిన్న ద్వీపదేశం పత్రాలు ఆఖరి తనిఖీకి ఆమె బల్ల మీదికి వచ్చాయి. అన్నీ సవ్యంగానే ఉన్నాయి గానీ, ఒక నియోజకవర్గం దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. ఏడు పేర్లున్న ఆ పత్రంలో మూడో పేరూ నాలుగో పేరూ ఒక్కటే. కొక్కేనికి కొక్కెం, చుక్కకి చుక్క. ఒకే పేరు పొరపాటున రెండుసార్లు పడిందనుకుంది.

కాగితం పట్టుకుని మేనేజరు గదికి వెళ్లింది. ఆయన తలెత్తకుండానే, వాళ్లు చూసి సంతకం పెట్టి పంపిన పత్రం అది, మనకెందుకన్నాడు. మర్నాడు సాయంత్రం విమానంలో సరుకు వెళ్లిపోవాలనీ, ఆ విమానం తప్పితే మళ్లీ వారం దాకా ఇంకొకటి లేదనీ గుర్తుచేశాడు. "అక్కయ్యగారూ, సంతకం ఉందంటే తప్పు వాళ్లది. మన నెత్తికెత్తుకోకండి," అన్నాడు.

ఆమె ఆయనతో వాదించలేదు. బీరువాలోంచి ఆ దేశం వాళ్లు మొదట పంపిన జాబితా తీసి చూసింది. అందులోనూ ఆ పేరు రెండుసార్లు ఉంది. అంటే అచ్చుతప్పు కాదు. కానీ జాబితాలో ప్రతి పేరు కిందా చీమబారులాంటి చిన్న వరుస ఒకటుంది. ప్రూఫులో అది ఏ పేరు కిందా లేదు. మూడో పేరు కింది వరుసకీ నాలుగో పేరు కింది వరుసకీ పోలికే లేదు.

పేజీలు కూర్చే పెద్దమనిషిని అడిగితే నిమ్మకు నీరెత్తినట్టు జవాబు చెప్పాడు. ఆ వరుసలు తీసేస్తే ఒక షీటుకి రెండు పత్రాలు పడుతున్నాయట. తీసేసి ప్రూఫు పంపితే, అవతలివాళ్లు సంతకం పెట్టేశారట. ఆమెకి ఒళ్లు మండింది. అడగాల్సిన మాట అడగకుండా చెయ్యడం ఒకరి తప్పు, చూడాల్సినది చూడకుండా సంతకం పెట్టడం ఇంకొకరి తప్పు. మధ్యలో ఎవరికీ ఏమీ పట్టదు.

ఆ దేశపు ఎన్నికల కార్యాలయానికి మెయిలు పెట్టింది. జవాబు లేదు. ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మధ్యాహ్నం ఐదోసారి చేస్తే ఒక అధికారి ఎత్తాడు. ఇద్దరికీ అంతంతమాత్రంగా వచ్చిన ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు.

పొరపాటు లేదనీ, ఇద్దరూ వేరు వేరు మనుషులేననీ ఆయన చెప్పాడు. మూడో పేరు ఆ ఊరి ఆసుపత్రిలో ముప్ఫయ్యేళ్లుగా పనిచేస్తున్న నర్సుది. సగం ఊరు ఆమె చేతుల మీదుగానే పుట్టిందట. నాలుగో ఆవిడకి రెండు నెలల కిందటి దాకా వేరే పేరుండేది. నామినేషన్లకి ముందు కోర్టులో మార్చుకుంది.

"ఎవరు మార్పించారో అందరికీ తెలుసండీ. కానీ చట్టప్రకారం తప్పులేదు," అన్నాడు.

"మరి పేరు కింద ఉన్న చిన్న వరుస ఏమిటి?"

"వృత్తి. ఒకరికి నర్సు, ఇంకొకరికి వ్యాపారం."

"అది మా పత్రంలో లేదు. మీరు సంతకం పెట్టారు."

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినబడింది. తర్వాత ఆయన, ఆ వరుస ఉండితీరాలని తమ చట్టంలోనే ఉందనీ, తనొక్కడూ పదకొండు నియోజకవర్గాలు చూస్తున్నాననీ, పేర్లు సరిచూసి మిగతాది చూడలేదనీ నెమ్మదిగా చెప్పాడు. ఆమెకి తిట్టాలనే ఉంది గానీ, ఆ గొంతులో అలసట తనదిలాగే అనిపించి ఊరుకుంది.

"ఆ మాటే రాసి పంపండి. మిషను నేను ఆపిస్తాను," అంది.

ఉత్తరం వచ్చేసరికి మూడు గంటలైంది. మేనేజరు దాన్ని చదివి, గోరుచుట్టు మీద రోకటిపోటని తల పట్టుకున్నాడు. మొత్తం దేశానికి మళ్లీ అచ్చు వెయ్యడం కుదిరే పని కాదన్నాడు. కనీసం ఆ ఒక్క నియోజకవర్గానికైనా వెయ్యమని ఆమె పట్టుబట్టింది. మిగతా చోట్ల పేర్లు కలవలేదు గనక అక్కడ ప్రమాదం లేదని, అదే మాట అధికారి చేత కూడా రాయించింది. విమానం తప్పితే బాధ్యత ఎవరిదని ఆయన అడిగితే, తనదని కాగితం మీద రాసిచ్చింది.

మిషను నడిపేది ఆమె మరిది. అన్నగారితో పంతాలు పోయినా వదిన మాట జవదాటడు. కొత్త ప్లేట్లు చేయించి, మర్నాడు పొద్దున్నే బిగించాడు. మొదటి కాగితం బయటికి రాగానే ఆమె చూసింది. వృత్తి వరుస మరీ సన్నగా ఉంది. కొంచెం పెద్దది చేద్దామంటే, ఆ దేశపు నిబంధనలో అక్షరాల కొలత కూడా ఉందిట. ఒక్క వెంట్రుకవాసి పెంచడానికి వీల్లేదు.

"ఇది ముసలివాళ్ల కంటికి ఆనుతుందంటావా?" అంది.

"ఆనకపోతే పక్కవాళ్లని అడుగుతారులే వదినా."

"ఓటేసే చోట పక్కన ఎవరుంటారు?"

అతను మళ్లీ మిషను తిప్పాడు. మధ్యాహ్నానికల్లా పని పూర్తయింది. పెట్టెలు విమానం అందుకున్నాయి. బుధవారం పొద్దున ఆమెకి మెమో ఇచ్చారు. ఆమోదించిన పనిని ఆపి ఆలస్యం చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలిట. పేజీలు కూర్చిన పెద్దమనిషికి ఏ మెమో రాలేదు. ఆమె సంజాయిషీ రాసి, మేనేజరు పంపిన మెమోలో రెండు అక్షరదోషాలు దిద్ది, రెండూ కలిపి పంపించింది.

ఆ ఎన్నికల సంగతి ఇక్కడి పేపర్లలో ఒక్క ముక్క రాలేదు. మూడు వారాల తర్వాత ఆ అధికారే మెయిలు పెట్టాడు. నర్సు అరవై ఒక్క ఓట్లతో ఓడిపోయింది. ఆమె పేరు పెట్టుకున్నావిడకి నాలుగువందల పద్దెనిమిది ఓట్లు పడ్డాయి.

అక్కయ్య ఆ అంకెల్ని రెండుసార్లు సరిచూసుకుంది. మరిది వెనకనుంచి తొంగిచూసి, "ఆ వరుస లేకపోతే ఇంకెన్ని పోయేవో వదినా," అన్నాడు.

"ఎన్ని పోయేవో నాకెవరు చెబుతారు? పోయినవి మాత్రం కళ్లెదుట ఉన్నాయి."

మెయిలు కింద ఇంకో రెండు మాటలున్నాయి. ఫలితాలు వచ్చిన మర్నాడు నర్సు కార్యాలయానికి వచ్చిందట. తన పేరు కింద వృత్తి చూసి గుర్తుపట్టామని చాలామంది చెప్పారనీ, అది అక్కడ పడేలా పట్టుబట్టినవాళ్లకి కృతజ్ఞతలు చెప్పమనీ అడిగిందట. తర్వాత డ్యూటీకి వేళైందని వెళ్లిపోయిందట.

అది చదివాక అక్కయ్యకి మెమో చూసినప్పటికంటే ఎక్కువ కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. గెలిచినవాడు కృతజ్ఞత చెబితే ఎలా తీసుకోవాలో మనిషికి తెలుస్తుంది. ఓడిన మనిషి, ఎన్నడూ చూడని మనిషి, సముద్రాల అవతలనుంచి చెబితే ఎక్కడ పెట్టుకోవాలి? జవాబు రాయడానికి కూర్చుంది. మీరు గెలవాల్సిన మనిషి అని రాసి, అది తను అనాల్సిన మాట కాదని కొట్టేసింది. పేరు మార్పిడికి ఇకనైనా అడ్డుకట్ట వెయ్యమని రాసి, వినేదెవరని అదీ కొట్టేసింది. పేజీలు కూర్చే ఆయన ఈలోగా రెండుసార్లు వచ్చి, ఇంకో దేశం ప్రూఫులు అయ్యాయా అని అడిగి వెళ్లాడు.

చివరికి "అందింది. ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి" అని రాసి, అక్షరం అక్షరం సరిచూసి పంపింది.