కొడైకెనాల్‌లో ఒక రోజు ఎక్కువ

"కిందటిసారి గురువారం డబ్బాలో ఉప్పు వెయ్యడం మర్చిపోయావు" అన్నారు మా వారు, వంటింటి గుమ్మంలో నిలబడి.

కొడైకెనాల్ వెళ్ళే ముందు నేను పదకొండు రోజుల వంట చేస్తున్నాను. పప్పు, పులుసు, కూరలు చల్లార్చి డబ్బాల్లో సర్ది, ఒక్కో డబ్బా మీద తెల్లకాగితం అంటించి వారం పేరు రాసి ఫ్రీజర్‌లో పెడుతున్నాను. రైస్ కుక్కర్ పైన గోడకి, బియ్యం ఎన్ని, నీళ్ళెన్ని, మీట ఎటు నొక్కాలి అని రాసిన కాగితం ఉంది. ఆయన రోడ్లు వేసే కంపెనీలో ఇంజనీరు. కొండల్ని తొలిచి నలభై కిలోమీటర్ల రోడ్డుకి కొలతలు వేస్తారు. ఆ కాగితం మాత్రం ప్రతిసారీ నేను కొత్తగా రాసి అంటించాల్సిందే.

"ఈసారి చూసుకుంటానండీ" అన్నాను.

వేరే రోజైతే లోపల్లోపల మండేది. ఆ రోజు కోపం రాలేదు. బీరువాలో చీరల అడుగున మా అమ్మాయి రాసిన ఉత్తరం ఉంది. అది అక్కడున్నన్నాళ్ళూ ఎవరి మీదా కోపం తెచ్చుకునే ధైర్యం నాకు లేదు.

మేం ఇబ్రాలో ఉండేవాళ్ళం. మస్కట్ నుంచి రెండు గంటల దూరం. మా మనస్విని ఐదో తరగతి అయ్యేటప్పటికి ఆ ఊళ్ళో మన పిల్లలకి అంతకన్నా పై తరగతులు లేవు. మస్కట్‌లో ఒక చిన్న ఇల్లు తీసుకుని నేనూ పిల్లా అక్కడుంటాం, మీరు సెలవు రోజులు గురు, శుక్రవారాలు వచ్చి వెళ్ళండి అన్నాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. "మీరిద్దరూ అక్కడుంటే ఇక్కడ నాకు అన్నం ఎవరు పెడతారు?" అన్నారు. అరవలేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగారు. అలా పదేళ్ళ పిల్ల తొంభై ఒకటో సంవత్సరం జూన్‌లో కొడైకెనాల్‌లో హాస్టల్ బడికి వెళ్ళింది. మా అత్తగారు తెనాలి నుంచి నాకు ఉత్తరం రాసింది. "పసిదాన్ని కొండల మీద వదిలేసి నీకు ముద్ద ఎలా దిగుతోందమ్మా" అని. ఆవిడ కొడుక్కి విడిగా రాసిన ఉత్తరంలో ఆరోగ్యం జాగ్రత్త అని మాత్రమే ఉంది.

మొదటిసారి ముగ్గురం వెళ్ళాం. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆయనకి రెండుసార్లు వాంతి అయింది. ఇంక నా వల్ల కాదు, నాకు సెలవులూ దొరకవు, ఇకనుంచి నువ్వే వెళ్ళిరా అన్నారు. పెళ్ళికి ముందు నేను తెనాలి నుంచి గుంటూరు కూడా ఒంటరిగా వెళ్ళి ఎరగను. మార్చిలో పిల్లని సెలవులకి తీసుకురావడానికి మొదటిసారి ఒక్కదాన్నే బయలుదేరినప్పుడు మస్కట్ సీబ్ ఎయిర్‌పోర్టులో ఫారం మీద నేను రాసిన పేరు నాకే చదవడానికి రాలేదు.

ఆ దారి ఇప్పటికీ కళ్ళు మూసుకుని చెప్పగలను. బొంబాయిలో విమానం మారాలి. మద్రాసులో దిగి ఎగ్మూరు స్టేషన్‌కి ఆటో. సాయంత్రం పాండ్యన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి కొడై రోడ్డు. స్టేషన్ బయట కాఫీ తాగి బస్సెక్కితే, వత్తలగుండు దాటాక కొండ మొదలవుతుంది. అరటితోటలు పోయి కాఫీ చెట్లొస్తాయి, అవి పోయి నీలగిరి చెట్లొస్తాయి. చెవులు దిబ్బడ వేస్తాయి. ఎక్కడో ఒక మలుపులో మంచు కిటికీలోంచి లోపలికొచ్చి ఒళ్ళో కూర్చుంటుంది. ఏడు వేల అడుగుల పైన, మబ్బుల మధ్య, కొడైకెనాల్ చెరువు.

జూన్‌లో పిల్లని దింపి ఒంటరిగా తిరిగొచ్చేటప్పుడు మొదటి గంటంతా ఏడ్చాను. వత్తలగుండులో బస్సు ఆగింది. దిగి కాఫీ తెచ్చుకున్నాను. వేడిగా ఉంది. మొత్తం తాగాను. పెళ్ళయ్యాక ఒక్క కాఫీ కూడా మధ్యలో లేవకుండా తాగలేదని అప్పుడు తట్టింది. పక్క సీట్లో ఒక ముసలావిడ "నీ పేరేంటమ్మా?" అని అరవంలో అడిగింది. "శేషుకుమారి" అన్నాను. ఇబ్రాలో నేను నాగేంద్రప్రసాద్ గారి మిసెస్‌ని, మనస్విని వాళ్ళమ్మని. ఆ పేరు నా నోటి వెంట వచ్చి ఎన్నేళ్ళయిందో. ఎగ్మూరు ఆడవాళ్ళ వెయిటింగ్ రూమ్‌లో కాళ్ళు చాపుకుని కూర్చుని, ఇప్పుడు నేనెక్కడున్నానో ఎవరికీ సరిగ్గా తెలియదు కదా అనుకున్నాను. ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోయింది. మరుక్షణం, హాస్టల్ మెట్ల మీద నిలబడి చెయ్యి ఊపుతున్న పిల్ల కళ్ళ ముందుకొచ్చింది. అంత హాయి ఎలా కలిగింది నాకు? కన్నపిల్లని వదిలొచ్చిన మనిషికి కలగాల్సిన హాయేనా అది?

కానీ కలిగింది. ప్రతిసారీ కలిగింది. మార్చిలో వెళ్ళేటప్పుడు, జూన్‌లో వచ్చేటప్పుడు, అక్టోబరులో చూడటానికి వెళ్ళేటప్పుడు రెండు వైపులా. మిగతా రోజులన్నీ ఆ రోజుల కోసం గడిపేదాన్ని. మామూలుగా కంపెనీ వాళ్ళ దగ్గరుండే నా పాస్‌పోర్టు ప్రయాణానికి నాలుగు రోజుల ముందు ఇంటికి వస్తే, వంట చేస్తూ చేస్తూ వెళ్ళి ఒకసారి తెరిచి చూసుకుని వచ్చేదాన్ని.

తొంభై నాలుగు జూన్‌లో ఒక పని చేశాను. పిల్లని దింపాక వెంటనే కొండ దిగలేదు. వానకి ఘాట్ రోడ్డు మూసేశారని ఇంటికి అబద్ధం చెప్పి లాడ్జిలో గది తీసుకున్నాను. మర్నాడు చెరువు దగ్గర సైకిలు అద్దెకి తీసుకున్నాను. చిన్నప్పుడు అన్నయ్య సైకిలు దొంగతనంగా తొక్కేదాన్ని. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని ఎక్కాను. రెండుసార్లు తూలాను, మూడోసారి సైకిలు ముందుకి సాగింది. చెరువు చుట్టూ మూడు మైళ్ళ రోడ్డు. ముందు ఎవరూ లేరు. అప్పుడు ఎదురుగా ఒక మలుపులో నీలం స్వెట్టర్ల వరస కనిపించింది. హాస్టల్ పిల్లల్ని ఆదివారం వాకింగ్‌కి తెచ్చారు. నేను గబుక్కున సైకిలు దిగి, మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి వెనక్కి వెళ్ళి, వాళ్ళు దాటిపోయేదాకా వీపు తిప్పి నిలబడ్డాను. నా పిల్ల ఇరవై అడుగుల దూరంలో నడిచి వెళ్ళింది. నేను పిలవలేదు.

ఆగస్టులో పెంచలయ్య ఉత్తరాలు తెచ్చాడు. కడప వైపు మనిషి, కంపెనీ డ్రైవరు. నన్ను ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళేదీ తెచ్చేదీ అతనే.

"పాప జాబు రాసినట్టుండాది మా" అని కవరు ఇచ్చి, వెళ్ళబోతూ ఆగాడు. "ఇంగో మాట. మన ఇబ్రా బళ్ళోనే వచ్చే నెల నుంచి పది దాకా పెడ్తాండారంట. పాపను పిల్చుకొచ్చుకోండి. ఆ కొండల్లో యెందుకు మా బిడ్డ."

"సార్‌కి చెప్పావా?"

"సార్‌తో ఇయన్నీ నేనేం మాట్లాడతా మా. మీరే చెప్పండి."

కవరు చింపి వాకిట్లోనే చదివాను. "అమ్మా, ఈసారి చలి ఎక్కువగా ఉంది. వేళ్ళు వాచి పెన్ను పట్టుకోవడం కష్టంగా ఉంది. నేను ఇంటికి వచ్చేస్తాను. నాన్నకి చెప్పు. ఏ బడి అయినా ఫరవాలేదు." మిగతా అంతా పరీక్షల సంగతి.

సాయంత్రం ఆయన బూట్లు విప్పుతూ అడిగారు. "ఏం రాసింది?"

ఉత్తరం పట్టుకుని చదివాను. పరీక్షల సంగతి చదివాను. లెక్కల్లో మార్కులు చదివాను. "ఈసారి చలి ఎక్కువగా ఉంది" దాకా చదివి ఆ కింది నాలుగు ముక్కలూ దాటేశాను.

"స్వెట్టర్ కొను ఇంకోటి" అన్నారాయన.

ఆయన దారి సైట్‌కి, ఇంటికి. బడి సంగతి ఆయన చెవిన పడాలంటే నేనే చెప్పాలి. నేను చెప్పలేదు. ఈ వారం చెప్తాను, వచ్చే వారం చెప్తాను అనుకుంటూ సెప్టెంబరు దాటించాను. అందులో ఆయన తప్పు ఎంత వెతికినా దొరకలేదు నాకు. ఆయన అన్నం కోసం పిల్లని పంపారని మూడేళ్ళు మనసులో ఆయన్ని దోషిని చేశాను. ఇప్పుడు ఆ పిల్లని అక్కడే ఉంచింది నేను. దేనికోసం? ఒక బస్సు కిటికీ కోసం, వేడి కాఫీ కోసం. మిగతా ఆడవాళ్ళు ఇంత చిన్నవాటి కోసం ఇంత పెద్ద తప్పు చేస్తారా? ఏమో, ఎవర్ని అడగను?

అక్టోబరులో వెళ్ళేసరికి మనస్విని హాస్టల్ ముందు గదిలో కూర్చుని ఉంది. లేచి నిలబడింది, ఎవరో టీచర్ వచ్చినట్టు. వేళ్ళ కణుపులు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. నేను పట్టుకోబోతే చేతులు స్వెట్టర్ జేబుల్లో పెట్టుకుంది. అనుమతి పుస్తకంలో సంతకం చేసి ఇద్దరం చెరువు వైపు నడిచాం. కొంత దూరం వెళ్ళాక అడిగింది.

"ఈసారి కూడా ఒక రోజు ఎక్కువ ఉంటావా అమ్మా?"

నేను దాని వైపు తిరిగాను.

"జూన్‌లో నిన్ను చూశాను. సైకిలు మీద వస్తున్నావు. మమ్మల్ని చూసి దిగి, పొత్తుల బండి వెనక్కి వెళ్ళావు."

"ఎందుకు పిలవలేదే?"

"నువ్వు నవ్వుతూ వస్తున్నావు. నువ్వొక్కదానివే. ఇంట్లో నువ్వలా నవ్వగా చూడలేదు. పిలిస్తే ఆపేస్తావనిపించింది."

చెరువు గట్టు మీద చెక్క బెంచీ ఉంటే కూర్చున్నాను. దాన్ని కూర్చోమనే హక్కు ఉందో లేదో తెలియలేదు. అదే వచ్చి, మధ్యలో కాస్త చోటు వదిలి కూర్చుంది. అంతా చెప్పేశాను. పెంచలయ్య చెప్పిన బడి సంగతి, ఉత్తరంలో దాటేసిన ముక్కలు, చీరల కింద దాచడం. మొదటిసారి తిరిగి వెళ్తూ తాగిన కాఫీ సంగతి కూడా చెప్పాను. పదమూడేళ్ళ పిల్లకి ఇవన్నీ చెప్పచ్చో లేదో నాకు తెలియదు. సగం చెప్పి ఆపితే అది ఇంకో అబద్ధమయ్యేది.

అది నీళ్ళ వంక చూస్తూ విన్నది.

"నువ్వు వెళ్ళేటప్పుడు ఏడుస్తావు కదా" అంది చివరికి. "పాపం అమ్మ, దారంతా ఏడుస్తూ వెళ్తుంది అనుకునేదాన్ని. నేను ఇక్కడ ఏడిస్తే నీకింకా కష్టమని ఏడ్చేదాన్ని కాదు."

దాని చేతుల వంక చూశాను. ఇంకా జేబుల్లోనే ఉన్నాయి.

"అయితే నేనిక్కడ ఉన్నది నాన్న కోసమా, నీ కోసమా?"

"మొదట నాన్న అన్నం కోసం. ఆ తర్వాత నా కోసం."

అది లేచి వెళ్ళిపోయింది. పరుగెత్తలేదు, గట్టు వెంట నడుచుకుంటూ వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను, దగ్గరికి వెళ్ళకుండా. సగం చుట్టు తిరిగాం అలా. ఒకచోట ఆగి వెనక్కి తిరక్కుండానే అంది. "ఇంటికి తీసుకెళ్తావా?"

"రేపే."

"మళ్ళీ మాట మార్చవుగా?"

"మార్చను" అన్నాను. నమ్మినట్టు అది తల ఊపలేదు. నన్ను నమ్మాలంటే దానికి ఇంకా చాలా రోజులు పడుతుందని అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే బడి ఆఫీసుకి వెళితే గుమాస్తా మర్యాదగా కుర్చీ చూపించాడు. ఫారం తిరగేసి, "ఫాదర్ సంతకంతో లెటర్ కావాలి మేడం. ఫ్యాక్స్ అయినా సరే" అన్నాడు. మూడేళ్ళుగా దింపిందీ తీసుకెళ్ళిందీ నేనే, అనుమతి పుస్తకం నిండా నా సంతకాలే ఉన్నాయని చెప్పాను. "అవి విజిటర్ సంతకాలు మేడం" అన్నాడు.

బస్టాండు దగ్గర ఎస్‌టీడీ బూత్‌కి వెళ్ళాం ఇద్దరం. గాజు తలుపు వేసుకుంటే పిల్ల కూడా లోపలికొచ్చి నా పక్కన ఇరుక్కుని నిలబడింది. మూడోసారి ఇబ్రా ఆఫీసు దొరికింది.

"ఏం శేషూ, పిల్లకి ఒంట్లో బాగాలేదా?" ఆయన గొంతు కంగారుగా ఉంది.

"బాగానే ఉంది. బడి మాన్పించి తీసుకొస్తున్నాను. మీ సంతకంతో ఫ్యాక్స్ కావాలంటున్నారు."

"నడి సంవత్సరంలోనా? ఇక్కడ ఏ బళ్ళో వేస్తాం?"

"ఇబ్రాలోనే. పోయిన నెల నుంచి పది దాకా పెట్టారు. నాకు ఆగస్టులోనే తెలుసు. అది ఇంటికి వచ్చేస్తానని కూడా రాసింది. ఆ ముక్కలు మీకు చదవలేదు."

"ఎందుకు చదవలేదు?"

పిల్ల నా వంక చూస్తోంది.

"అది వచ్చేస్తే నాకీ ప్రయాణాలు ఉండవని."

ఆయన వెనక ఎవరో హిందీలో సిమెంటు లారీ వచ్చిందని చెప్తున్నారు. "నీకేమైనా మతి పోయిందా?" అన్నారు చివరికి, నెమ్మదిగా. నేను కాదనలేదు. తల్లి అనాల్సిన మాటేనా ఇది అంటారేమో అనుకున్నాను. అనలేదు. "నంబరు చెప్పు, పంపిస్తాను" అన్నారు. చెప్పాను. ఆయన రాసుకున్నారు.

"సరే, జాగ్రత్తగా తీసుకురా. ఏదయితేనేం, ఇంక నీకీ తిరుగుడు తప్పినట్టే."

"లేదండీ. మార్చిలో మళ్ళీ వస్తాను."

"ఎక్కడికి? పిల్లే లేకపోతే అక్కడ నీకేం పని?"

ఏం చెప్తానా అని మనస్విని నా మొహం వంకే చూస్తూ నిలబడింది. దాని ఎదుట ఇంకో అబద్ధం ఆడలేను. ఆడాల్సిన అవసరం ఉందనీ అనిపించలేదు.

"పనేమీ లేదు" అన్నాను. "ఊరికే వచ్చి వెళ్తాను."