పాత పెట్టెకు పట్టేంత

ప్రోగ్రామును పెట్టెకు సరిపడేలా కూర్చే బిల్డ్ మూడోసారి నడిపి, బాపురావు కళ్ళద్దాలు తీసి స్వెటర్ అంచుతో తుడుచుకున్నాడు. తెర మీద మళ్ళీ ఎర్రటి అక్షరాలు. ప్రోగ్రాము ఇంకా పన్నెండు కిలోబైట్లు ఎక్కువే ఉంది.

ఇంగ్లండులో స్టీవెనేజ్ ఊళ్ళోని ఆ చిన్న కంపెనీ ఒంటరి ముసలివాళ్ళ కోసం పిలుపు పెట్టెలు చేస్తుంది. మెడలో వేసుకున్న మీట నొక్కితే పెట్టె సాయానికి ఫోన్ చేస్తుంది. కొత్త పెట్టెలకు తెర వచ్చింది, పాటలు వచ్చాయి, ఇరవై భాషలు వచ్చాయి. వాటన్నిటి ప్రోగ్రాములూ ఒకే లైబ్రరీలో ముద్దగా పేరుకున్నాయి. పాత పెట్టె చిన్న మెమరీలో ఆ ముద్ద పట్టదు. ఈ సాయంత్రానికి పట్టకపోతే పాతవాటిని వదిలేస్తామన్నారు పైవాళ్ళు. రెండు వేల ఇళ్ళలో పెట్టెలు మూగబోతాయి.

ఆరు వారాల గడువు అడిగి బాపురావు ముద్దను విడదీశాడు. పిలుపుది ఒక ప్యాకేజీ, తెరది ఒకటి, పాటలది ఒకటి, భాషలది ఒకటి. ఏ పెట్టెకా పెట్టె తనకు కావలసినవే తీసుకుంటుంది. అతని కాంట్రాక్టు కూడా ఈ రోజుతోనే సరి.

పరీక్షకని బల్ల మీద పెట్టుకున్న పాత పెట్టె, పగలు ఇంట్లో ఒక్కతే ఉండే అతని భార్య సుగుణది. ఆమె స్నానాల గదిలో జారిపడినప్పుడు అతను ఇదే కుర్చీలో ఉన్నాడు. ఆమె మీట నొక్కింది, పెట్టె పిలిచింది, అంబులెన్స్ వచ్చింది. ఆ తరువాత మూడేళ్ళు బతికింది. ఆ మూడేళ్ళూ ఈ పెట్టె పెట్టిన భిక్షేనని అతని నమ్మకం.

"అంకుల్, కేక్ కోస్తున్నం. రండి," అంది టీం లీడ్ రచన. ఆమెది హైదరాబాద్.

"పన్నెండు కిలోబైట్లు కరగనియ్యి రచనమ్మా, వస్త."

"షుగరని తప్పించుకుంటున్నరు కదా?"

"చిన్న ముక్క కొయ్యి. పెద్దదైతే ఈ పెట్టెకూ పట్టదు, నాకూ పట్టదు."

పిలుపు ప్యాకేజీలో ఒక్కో ఫైలే తెరిచాడు. చివరికి దొరికింది. కంపెనీలో పరీక్షలు చేసేవాళ్ళ కోసం రాసిన సందేశాల పట్టిక. ఇళ్ళలో దానితో పనే లేదు. తొమ్మిదేళ్ళ కింద, ఈ దేశంలో అతను రాసిన మొట్టమొదటి ఫైలు అది. నలభై తొమ్మిదేళ్ళవాణ్ణి ఎవరూ తీసుకోని రోజుల్లో, అది చూసిన తరువాతే అప్పటి మేనేజరు అతన్ని ఉండిపొమ్మన్నాడు. ఆరు వారాలుగా అందరి ఫైళ్ళూ కదిపాడు గానీ, దీని మీదికి చెయ్యి పోలేదు.

"సుగుణా, అడ్డం పడ్డది నేనేనే!" అని నవ్వుకున్నాడు.

ఆ ఫైలును తీసి, పరీక్షల పేరుతో వేరే ప్యాకేజీలో పెట్టాడు. బిల్డ్ నడిపాడు. పట్టింది. పెట్టెలోకి ఎక్కించి మీట నొక్కాడు. గదికి ఆ చివర రచన బల్ల మీద ఫోన్ మోగింది.

"వచ్చింది అంకుల్! పిలుస్తుంది!" అని ఆమె అరిచింది.

బాపురావు పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. తరువాత వెళ్ళి చిన్న ముక్క కేక్ తిన్నాడు, అందరికీ పేరుపేరునా థాంక్స్ చెప్పాడు.

ఐదింటికి ఆఫీసు కార్డు ఇచ్చేసి కోటు తొడుక్కుంటుంటే రచన వెనకే వచ్చింది.

"ఆంటీ పెట్టె మర్చిపోయిండ్రు."

"ఉండనియ్యమ్మా. ఏం మార్చినా ముందు దీంట్ల పట్టిందో లేదో చూడుండ్రి."

సన్నని వానలో అతను బస్‌స్టాప్ వైపు నడిచాడు. ఖాళీ బల్ల మీద సుగుణ పెట్టె పచ్చ దీపం వెలుగుతూ ఉంది. పక్కనే ఆమె మెడలో వేసుకున్న మీట, దాని అంచున ఇంకా వదలని పసుపు.