మిల్లు గేటు ముందు ఆట

మరుగుతున్న రంగునీళ్లు మా వదిన చేతి మీద పడ్డాయి. సూపర్‌వైజరు ఆమెను మిల్లు డిస్పెన్సరీకి పంపలేదు, గేటు బయటికి పంపాడు. డిస్పెన్సరీ పర్మనెంటు వాళ్లకేనట, రంగుల షెడ్డులోని కాంట్రాక్టు వాళ్లకు కాదట. మగ్గాల మీది పర్మనెంటు వాళ్లు చూస్తూనే ఉన్నారు. ఒక్క మగ్గమూ ఆగలేదు.

మర్నాడు వాళ్ల యూనియన్ ఆఫీసుకు వెళ్లాం. వాళ్ల నాయకుణ్ని అందరూ పెద్దాయన అంటారు.

"మీకోసం మగ్గాలాపితే, మమ్మల్ని తీసేసి మా పని మీకే ఇస్తారు," అన్నాడు.

"చెయ్యి కాలింది పెద్దాయనా. నీ పని ఎవరడిగారు?" అంది వదిన.

ఎన్నిసార్లు కూర్చున్నా ఇదే వరస. మేం కాలిన చెయ్యంటే వాళ్లు రూలంటారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. విసుగెత్తి ఒకరోజు కుర్చీ తన్ని బయటికొచ్చాను.

"మాటలు చాలు. ఆడి చూపిద్దాం," అంది వదిన.

భోజనాల వేళ గేటు ముందు నాటకమాడాం. పర్మనెంటు వాళ్లను పిరికిపందలుగా చూపించాం. మా వాళ్లు పగలబడి నవ్వారు. వాళ్లు ఉమ్మేసి వెళ్లిపోయారు.

"చచ్చినా మారరు వాళ్లు," అన్నాను.

"వెక్కిరించాంరా. వాళ్ల భయమేంటో ఆడామా?" అంది వదిన.

మర్నాడు వదినే పర్మనెంటు మనిషి వేషం కట్టింది. కట్టుకట్టిన చేత్తో మగ్గం నడుపుతున్నట్టు ఆడింది. పక్కన మనిషి కాలితే చూసి తల దించుకుంది. "ఇంట్లో నలుగురున్నారు," అని గొణిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"కాలినావిడ వేషం ఎవరు కడతారు?" అని జనాన్ని అడిగింది.

మగ్గాల షెడ్డులో పనిచేసే ఒకావిడ వచ్చి నిలబడింది. సూపర్‌వైజరు వేషంలో ఉన్న నేను, "బయటికి నడు," అన్నాను.

"నడవను. డిస్పెన్సరీ తియ్యి."

"అలా అంటే తీసేస్తారమ్మా," అని గుంపులోంచి పెద్దాయన అరిచాడు.

ఆవిడ ఆట మరిచిపోయింది. "తీసేస్తే నువ్వేం చేస్తావు, పెద్దాయనా?"



అంతలో పోలీసు వ్యాను వచ్చింది. దారికి అడ్డమని వదినను ఎక్కించారు. భోజనాల వేళ అయిపోయిందని మిల్లు సైరను మోగింది. పెద్దాయన అలవాటుగా గేటులోకి నడిచి, వెనక్కి చూశాడు. ఆయన వెనక ఎవరూ లేరు. మగ్గాల వాళ్లూ, రంగుల వాళ్లూ వ్యాను చుట్టూ ఉన్నారు.

ఆయన తిరిగొచ్చి వ్యాను ముందు చతికిలబడ్డాడు.

"ఆమె నీకేమవుతుంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఏమీ కాదు. వ్యాను మాత్రం కదలదు."